ఎర్ర చీటీ లేని మూడు కుందేళ్ళు

ఆ సెలైన్ ఫ్యాక్టరీలో మేనేజరు మాటకన్నా, కెమిస్టు సంతకంకన్నా కుందేళ్ళ మాటే ఆఖరిది. సీసా ఎంత తళతళలాడినా, మూత ఎంత గట్టిగా బిగిసినా, అందులోని నీళ్ళు ఎక్కించాక మూడు కుందేళ్ళకు జ్వరం రాలేదని తేలితేనే ఆ సరుకు గేటు దాటి ఆసుపత్రికి వెళ్ళాలి. అది తేల్చే మనిషి కుందేళ్ళ అక్క. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. తనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది.

ఆవిడ గది బాయిలర్ వెనకాల ఉండేది. గోడకు రెండు వరసల్లో ఇరవై నాలుగు ఇనప బోనులు, దోమతెర కొట్టిన ఒక కిటికీ, మధ్యలో పొడుగాటి బల్ల. బల్లమీద ఆరు చెక్కపెట్టెలు. ఒక్కో పెట్టెలో ఒక్కో కుందేలును కూర్చోబెట్టి, తల మాత్రం బయటికి ఉంచి మెడ దగ్గర పలక దించేస్తారు. వెనకనుంచి థర్మామీటరు పెట్టి, చెవి నరంలోకి సూదితో సెలైన్ ఎక్కిస్తారు. ఆపైన అరగంటకోసారి ఒంటివేడి చూస్తూ మూడు గంటలు కూర్చోవాలి. చెప్పుకోవడానికి చాలా తేలికైన పని. కానీ కుందేలు బెదిరితే చాలు, ఆ బెదురుకే ఒళ్ళు వేడెక్కి పరీక్ష మొత్తం పాడవుతుంది. ఆవిడకంటే ముందు నలుగురు మగవాళ్ళు ఆ పనికి వచ్చి, చేతులు గీరించుకుని వెళ్ళిపోయారు. ఈవిడ చెయ్యి వేస్తే మాత్రం అవి గప్‌చుప్‌గా కూర్చునేవి.

ఆ చెయ్యి ఆమెకు చెల్లెలి మూలాన వచ్చింది. అమ్మా నాన్నా ఒకే ఏడాది పోయేనాటికి ఆమెకు పంతొమ్మిది, చెల్లెలికి ఎనిమిది. చెల్లెలు నిద్రలో ఉలిక్కిపడి లేచేది. వీపు మీద చెయ్యి వేసి, ఏమీ మాట్లాడకుండా, నిద్ర పట్టేదాకా కదలకుండా కూర్చోవడం ఆమెకు అప్పుడు వచ్చిన విద్య. ఫ్యాక్టరీలో సీసాలు కడిగే పనిలో చేరి, రెండేళ్ళకు కుందేళ్ళ గదికి మారింది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, ‘చిన్నదాని సంగతి తేలనివ్వండి’ అనేది. చిన్నదాని సంగతి తేలింది, పక్క వీధిలో దర్జీకి ఇచ్చి పెళ్ళి చేసింది. అప్పటికి పెద్దదాని సంగతి అడిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆమె కూడా అడగమనలేదు.

పని నేర్పింది అప్పటి పెద్ద కెమిస్టు. ఆయనకు పాఠం చెప్పడమంటే మహా సరదా, వినేవాళ్ళే దొరకరు. ఈమె దొరికింది.

“చూడమ్మాయ్, నిలవ ఉన్న నీళ్ళలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మనం సీసాల్ని ఆవిరిలో ఉడికిస్తాం. చచ్చిపోతాయి. అంతటితో పీడ వదిలిందనుకుంటున్నావా?”

“వదల్లేదా సార్?”

“జీవి చస్తుంది, దాని పైపొర ముక్కలు నీళ్ళలోనే ఉంటాయి. ఆ ఆవిరికి అవి పోవు. కంటికి కనపడవు, వాసన ఉండదు. కానీ నెత్తుట్లో పడ్డాయా, ఒళ్ళు ఇట్టే పసిగట్టేస్తుంది.”

“అంతకుముందు ఎప్పుడైనా చూసి ఉంటేనే కదా సార్ పసిగట్టేది?”

ఆ ప్రశ్నకు ఆయన ముఖం వెలిగిపోయింది. “అదీ తమాషా! చూసి ఉండక్కర్లేదు. ఒకసారి వచ్చిన రోగాన్ని గుర్తుపెట్టుకుని రెండోసారి పనిపట్టే కాపలా వేరే ఉంది. ఇది అది కాదు. ఇది పుట్టుకతో వచ్చిన తెలివి. అలాంటి పైపొర మన ఒంట్లో ఎక్కడా ఉండదు, కుందేలు ఒంట్లోనూ ఉండదు. అందుకని అది తగిలీ తగలగానే నెత్తుట్లో ఉన్న తెల్లకణాలు పట్టేసుకుని కేకలు పెడతాయి. ఆ కబురు మెదడుకు చేరిందా, జ్వరం.”

“చచ్చినవాటికి ఎందుకు సార్ అంత గోల?”

“చచ్చాయని వాటికి తెలీదుగా.”

కుందేళ్ళ అక్కకు ఆ మాట బాగా నచ్చింది. ఇంటికి వెళ్ళి చెల్లెలికి చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు. పెద్ద కెమిస్టు ఆ తర్వాత చెప్పింది మాత్రం నవ్వుకునే మాట కాదు. గోల మితిమీరితే ఆ గోలకే మనిషి పోవచ్చట. ముందు చలి, తర్వాత వణుకు, ఆపైన నాడి జారిపోవడం. ముక్కలు మనిషిని ఏమీ చేయవు. వాటిని చూసి ఒళ్ళు చేసుకునేదే అంతా.

ఇంకో సంగతి కూడా చెప్పాడాయన. అదే ఈ కథకు ముఖ్యం. జ్వరం వచ్చి తగ్గిన కుందేలు కొన్నాళ్ళపాటు మొద్దుబారి ఉంటుంది. అరిచి అరిచి గొంతుపోయిన కుక్కలాగా, మళ్ళీ అవే ముక్కలు లోపలికి వచ్చినా గమ్మున ఊరుకుంటుంది. దాన్ని నమ్ముకుని సరుకు పంపితే జనం పోతారు. కాబట్టి జ్వరం వచ్చిన కుందేలుకు రెండు వారాలు విశ్రాంతి. ఆ రెండు వారాలూ దాని బోనుకు ఎర్ర చీటీ వేలాడాలి.

ఇరవై ఏళ్ళు ఆ పద్ధతి తు.చ. తప్పకుండా సాగింది. ఒక్క విషయంలో తప్ప. కుందేళ్ళన్నీ తెల్లవే, ఎర్రకళ్ళవే. దేన్ని చూసినా పక్కదానికి కవలపిల్లలాగే ఉంటుంది. అందుకని చెవి లోపల సూదితో గుచ్చి సిరాతో అంకెలు వేసేవాళ్ళు. ఏడాదికోసారి ఆ అంకెలు మళ్ళీ వేయాలి, లేకపోతే మాసిపోతాయి. గుచ్చుతుంటే అవి సన్నగా అరిచేవి. మామూలుగా నోరెత్తని జంతువు అరిస్తే వినలేం. పెద్ద కెమిస్టు రిటైరై, ఉద్యోగానికి కొత్తగా ఒక పాతికేళ్ళ కెమిస్టు వచ్చాక, కుందేళ్ళ అక్క అతనితో అంది: “ఈ గుచ్చుడు ఎందుకు సార్? ముఖం చూసి చెప్పేస్తాను ఏది ఏదో.”

“నిజంగా చెప్పగలరా అక్కా?”

“నా చెల్లెల్ని గుర్తుపట్టనా? ఇవీ అంతే.”

అతను సంబరపడి సరే అన్నాడు. గుచ్చడం ఆపేశారు. రెండేళ్ళలో అంకెలు మాసిపోయాయి. ఆవిడ మాత్రం ‘అదిగో మొండిది, ఇదిగో ముద్దుది’ అంటూ వేలుపెట్టి చూపించేది. ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. కుందేళ్ళ అక్కకు జీవితంలో గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే, ఆ ఒక్కదాన్నీ ఎవరు కాదంటారు?

ఆ ఏడు ఒక గురువారం నాడు ఒక సరుకు పరీక్షలో తప్పింది. మూడు కుందేళ్ళకూ డిగ్రీ పైనే జ్వరం. శుద్ధి చేసిన నీళ్ళు రెండు రోజులు తొట్టెలో నిలవ ఉన్నాయట. ఆ సరుకంతా పారబోశారు. మూడు బోనులకు ఎర్ర చీటీలు కట్టి, మర్నాడు శుక్రవారం ఆమె సెలవు పెట్టింది. చెల్లెలికి గర్భసంచి తీసే ఆపరేషను. శుక్ర, శని, ఆదివారాలు ఆసుపత్రి వరండాలోనే గడిచాయి. చెల్లెలు నెత్తురు తక్కువ మనిషి, ఆపరేషనుకు బాగా డస్సిపోయింది. అయినా ఆదివారం సాయంత్రానికి లేచి కూర్చుని, “అక్కా, నీ కుందేళ్ళు బెంగపెట్టుకుంటాయి, రేపు వెళ్ళు,” అంది. సోమవారం పొద్దున్న సెలైన్ తీసేస్తామని, బుధవారానికి ఇంటికి పంపుతామని నర్సు చెప్పింది. మరిది తోడుంటానన్నాడు. అక్క నిశ్చింతగా పనికి వచ్చింది.

ఆమె లేని రోజుల్లో బోనులు కడిగింది చీపురు పెద్దమ్మ. ఫ్యాక్టరీ అంతా ఊడ్చే ముసలావిడ, చదువు రాదు, మనసు మంచిది. కుందేళ్ళను మూడేసి చొప్పున బుట్టలో పెట్టి, బోనులు సబ్బుతో రుద్ది, ఆరబెట్టి, మళ్ళీ దేన్ని వీలైతే దాన్ని అందులో వదిలింది. చీటీలు తడుస్తాయని ముందే విప్పి ఒద్దికగా పక్కన పెట్టి, చివర్న అంతకుముందు ఎక్కడున్నాయో చూసుకుని అవే బోనులకు కట్టింది. చీటీల విషయంలో ఒక్క పొరపాటు కూడా చేయలేదు.

సోమవారం ఎనిమిది కాకుండానే కెమిస్టు గది బయట నిలబడి తొందరపెట్టాడు. గురువారం సరుకు పోయేసరికి ఆసుపత్రిలో సెలైన్ అయిపోవచ్చిందట, ఒకటే ఫోనులట. కొత్త సరుకు సిద్ధంగా ఉంది. కుందేళ్ళ అక్క ఎర్ర చీటీ లేని బోనుల్లోంచి మూడింటిని తీసింది. మొండిది, ముద్దుది, పిరికిది అని ఎప్పట్లాగే మనసులో అనుకుంది. పెట్టెల్లో కూర్చోబెట్టింది. ఒక వారం ఎడమ చెవి, ఒక వారం కుడి చెవి, అది ఆ గది లెక్క. ఈ వారం కుడి. కుడి చెవి నిమిరి నరం పైకి తేలాక సూది వేసింది. పదకొండున్నరకు అరగంట లెక్కలన్నీ పూర్తయ్యాయి. మూడూ చల్లగా, రాళ్ళలా ఉన్నాయి. ఒక్క గీత కూడా పెరగలేదు.

“ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు కదా అక్కా!” అని కెమిస్టు మురిసిపోయి సంతకం పెట్టాడు. పన్నెండుకు లారీ కదిలింది.

ఒంటిగంటకు ఆమె మేత వేస్తోంది. పరీక్ష రోజుల్లో పొద్దున్నించీ దేనికీ మేత పెట్టరు, అందుకని అన్నీ ఆవురావురుమంటున్నాయి. ముద్దుదాని తల నిమురుతూ ఎడమ చెవి కూడా నిమిరింది. వేలికి గరుకుగా ఏదో తగిలింది. వెలుతురులోకి తిప్పి చూసింది. నరం మీద సూది గుచ్చిన చోట ఎండిన నల్లటి పెచ్చు.

ఎడమ చెవికి సూది వేసింది పోయిన వారం. పోయిన వారం సూది వేసింది మూడింటికే. ఆ మూడింటికీ జ్వరం వచ్చింది.

మొండిదాన్ని తీసి చూసింది. పెచ్చు. పిరికిదాన్ని చూసింది. పెచ్చు. ఎర్ర చీటీలున్న బోనులు తెరిచి, లోపలున్న మూడింటి ఎడమ చెవులూ చూసింది. నున్నగా, పట్టుబట్టలా, ఏ మచ్చా లేకుండా ఉన్నాయి.

ఇన్నేళ్ళూ ఆమె గుర్తుపట్టింది కుందేళ్ళను కాదు. బోనులను. పై వరసలో మూడోది మొండిది, కింద మొదటిది ముద్దుది. ఎవరు ఆ బోనులో ఉంటే వాళ్ళకు ఆ ముఖం తనే తగిలించింది. ఈ సంగతి ఆమెకు ఆ క్షణాన, మేత గంప పక్కన నేలమీద కూర్చుని, మొట్టమొదటిసారి తెలిసింది. సిగ్గుతో ముందు చెవులు కాలిపోయాయి. ఆ తర్వాత లారీ గుర్తొచ్చింది.

కెమిస్టు అన్నం తింటున్నాడు. విని, చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. పాపం చెడ్డవాడు కాదు. కానీ సంతకం అతనిది, ఉద్యోగంలో చేరి మూడేళ్ళు కాలేదు. “అక్కా, మీరు సరిగ్గా చూశారా? మేనేజరుగారితో మీరే చెప్పండి,” అన్నాడు.

మేనేజరు అంతా విన్నాడు. “అంటే ఇప్పుడేమంటావ్? సరుకు పాడైందంటావా?”

“పాడైందని కాదు సార్. బాగుందని మనకు తెలీదు. ఆ మూడూ మొద్దుబారి ఉన్నాయి, వాటి మాట చెల్లదు. ఆసుపత్రికి ఫోను చేసి కాసేపు వాడొద్దని చెప్పండి సార్.”

“అక్కడ వార్డులో ఒక్క పాత సీసా లేదు. నీకు అనుమానం వచ్చిందని రోగులందరినీ ఎండబెట్టమంటావా? రేపు సరుకు బాగానే ఉందని తేలితే, ఈలోగా పోయినవాళ్ళకు నువ్వు జవాబు చెప్తావా?”

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయినా, “మా చెల్లెలు అక్కడే ఉంది సార్,” అంది.

“ఇవాళ సెలైన్ తీసేస్తారని పొద్దున నువ్వేగా సెలవు చీటీ మీద సంతకం పెట్టించుకుంటూ చెప్పావ్. వెళ్ళి మళ్ళీ పరీక్ష చెయ్. జ్వరం వచ్చిందని కాగితం పట్టుకుని రా. ఆ నిమిషమే ఫోను చేస్తాను, నా పూచీ.”

ఆమె పరుగున వెళ్ళింది. ఎర్ర చీటీ బోనుల్లో ఉన్న, పోయిన వారం సూది పడని ఆ మూడింటినీ పెట్టెల్లో కూర్చోబెట్టింది. ముందు గంటసేపు ఊరికే ఉంచి మామూలు వేడి ఎంతో రాసుకోవాలి. ఆ గంటలో ఎన్నిసార్లు గడియారం చూసిందో. సూది వేసేసరికి సరిగ్గా మూడు. చెయ్యి మాత్రం నిదానంగానే ఉంది. కుందేళ్ళు ఎప్పట్లాగే గమ్మున కూర్చున్నాయి.

మూడున్నరకు మొదటిసారి చూసింది. ఒకదానికి అర డిగ్రీ పెరిగింది. రెండోదానికి అంతకన్నా ఎక్కువే. చెవులు చల్లబడి, పాలిపోయి వెనక్కి వాలాయి, ముక్కుపుటాలు గబగబా అదురుతున్నాయి. మూడోది మాత్రం ఇంకా మామూలుగానే ఉంది. ఇరవై ఏళ్ళు ఆ బల్ల ముందు కూర్చున్న మనిషికి ఇంకో లెక్క అక్కర్లేదు. ఆమెకు తెలిసిపోయింది.

మేనేజరు గదికి వెళ్ళి చెప్పింది. ఆయన లేవలేదు. “మూడింట్లో రెండేగా? అది కూడా అరగంటకే. నీ కంగారు చూసి బెదిరాయేమో! నువ్వే అంటావుగా, బెదిరితే వేడెక్కుతాయని. మూడు గంటల లెక్కా రాసుకుని రా.”

“ఆరవుతుంది సార్.”

“ఆరైతే ఆరు. పొద్దున్న నువ్వు సరిగ్గా చూడలేదనే కదా ఈ తంటా అంతా! ఈసారన్నా పద్ధతిగా చెయ్.”

గడప దగ్గర నిలబడి ఆమె ఒకసారి గేటు వైపు చూసింది. ఆసుపత్రి ఇరవై నిమిషాల నడక. పరుగెడితే పది, పన్నెండు నిమిషాలు. వెళ్ళి, ఎదురుగా కనపడ్డ సీసానల్లా పీకి పారేయొచ్చు. కానీ వార్డులు ఎనిమిది. ఎవరు వింటారు? కుందేళ్ళ మనిషి మాట విని డాక్టర్లు సెలైన్ ఆపుతారా? ఇక్కడ బల్ల వదిలి వెళితే నాలుగింటి లెక్క పోతుంది, పరీక్ష చెల్లదు, ఇక కాగితమే ఉండదు. కెమిస్టుకు ఆ పని రాదు, అతను ముట్టుకుంటే కుందేళ్ళు గిలగిల్లాడతాయి. చిన్నదానికి పొద్దున్నే తీసేసి ఉంటారు అనుకుంది. తీసేసి ఉంటారు, తీసేసి ఉంటారు అని రెండు మూడుసార్లు పైకే అనుకుంది. వెనక్కి తిరిగి బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

నాలుగింటికి మూడోదానికీ పెరిగింది. నాలుగున్నరకు మూడూ డిగ్రీ దాటాయి. కెమిస్టు ఆ లెక్క చూసి తెల్లబోయి, ఈసారి తనే మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు. మేనేజరు ఎవరితోనో మాట్లాడుతున్నాడట, ఆపైన ఆసుపత్రి లైను దొరకలేదట, దొరికాక పెద్ద డాక్టరు లేడట. ఏమైతేనేం, ఆరు దాటి పది నిమిషాలకు సీసాలు ఆపండి అన్న మాట అవతలివాళ్ళ చెవిన పడింది. అప్పటికి పదకొండుమందికి ఎక్కించారు.

చెల్లెలికి పొద్దున్న సెలైన్ తీసేసిన మాట నిజమే. మధ్యాహ్నం నుంచి వాంతులు పట్టుకున్నాయి. నీరసించిపోతోందని డాక్టరు మళ్ళీ పెట్టమన్నాడు. పాత సీసాలు లేవు. లారీలో దిగిన కొత్త పెట్టె విప్పారు.

కుందేళ్ళ అక్క వెళ్ళేసరికి చెల్లెలు మూడు దుప్పట్ల కింద వణుకుతోంది. మంచం ఇనప కాళ్ళు నేలమీద టకటకలాడుతున్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. అక్కను చూసి, “చలిగా ఉందే,” అంది. అక్క వీపు కిందికి చెయ్యి పోనిచ్చి కూర్చుంది. ఈసారి ఆ చెయ్యి పనిచేయలేదు. మిగతా పదిమందీ వణికి, జ్వరంతో కాగి, చెమటలు పట్టి తేరుకున్నారు. ఈమె ఒంట్లో తేరుకునే సత్తువ లేదు. లోపలి కాపలా మాత్రం ఉన్న శక్తినంతా పోగుచేసుకుని, చచ్చిన ముక్కల మీద యుద్ధం చేసింది. తెల్లవారి ఆరింటికి నాడి అందలేదు.

తర్వాత ఫ్యాక్టరీలో ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. పదిమంది బతికారు గనక, ఆ పదిమందినీ, ఇంకా విప్పని పెట్టెల సీసాలు ఎక్కించుకోవాల్సిన వందలమందినీ కాపాడింది కుందేళ్ళ అక్కేనని మేనేజరు అందరి ముందూ చెప్పాడు. అది అబద్ధం కూడా కాదు. చీపురు పెద్దమ్మను పనిలోంచి తీసేయబోతే, “తప్పు ఆమెది కాదు సార్, ముఖాలు గుర్తుపడతానని డప్పు కొట్టుకున్నది నేను,” అని అడ్డంపడింది. చెవుల్లో అంకెలు మళ్ళీ వేయించింది. గుచ్చుతుంటే తనే పట్టుకుని కూర్చునేది, అరిచినా వదిలేది కాదు. ఆ పనిలో ఇంకో పదహారేళ్ళు ఉంది. ఆ పదహారేళ్ళలో దేన్నీ మొండిదని గానీ, ముద్దుదని గానీ అనలేదు. ఏడు, పన్నెండు, ఇరవై ఒకటి. ఇలాగే పిలిచేది. అంకె రెండుసార్లు చూసి, పైకి చదివి, అప్పుడు గానీ బోనులోంచి బయటికి తీసేది కాదు. కొత్తగా చేరినవాళ్ళు ఆవిడది చాదస్తం అనుకునేవాళ్ళు.

చెల్లెలు పోయిన వారానికి మరిది దగ్గరికి వెళ్ళింది. కుట్టు మిషన్లు రెండున్న ఆ ముందు గదిలో పని ఆగిపోయి ఉంది. సగం కుట్టిన చొక్కా ఒకటి సూది కిందే ఉంది. మరిది స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వారంగా గడ్డం గీసుకోలేదు. ఆమె నేలమీద కూర్చుంది. అతనే మాట మొదలుపెట్టాడు.

“ఫ్యాక్టరీవాళ్ళు వచ్చి చెప్పారు వదినా. మీరే కనిపెట్టారటగా. మీరు లేకపోతే ఇంకా చాలామంది పోయేవాళ్ళన్నారు.”

ఆమె తల వంచుకుంది.

“మరి మీకు ఎన్నింటికి తెలిసింది?”

జవాబు తేలికే. ఆరింటికి అంటే సరిపోతుంది. రిజిస్టరులో అలాగే ఉంది. మేనేజరు అలాగే చెప్పాడు, కెమిస్టు అలాగే చెప్పాడు. ఆరింటిదాకా పరీక్ష పూర్తికాదు, పూర్తికాని పరీక్షతో తెలిసినట్టు కాదు. ఎవరిని అడిగినా అదే అంటారు. చెల్లెల్ని అడిగినా, బతికుంటే, ‘ఆరింటికే తెలిసిందని చెప్పవే’ అని ఉండేది.

“మూడున్నరకి,” అంది.

మరిది లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. మేకుకు తగిలించిన సంచిలోంచి ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం తీసి, మడత విప్పి చూసుకున్నాడు. అందులో ఏముందో అతనికి కంఠతా వచ్చు.

“తనకి నాలుగుంబావుకి ఎక్కించారు,” అన్నాడు.

అతను అరవలేదు. బయటికి పొమ్మనలేదు. మంచినీళ్ళు కూడా తెచ్చి ఇచ్చాడు, ఆమె తాగింది. ఆ తర్వాత ఇద్దరూ అదే పక్కపక్క వీధుల్లో ఇరవై ఏళ్ళకు పైగా బతికారు. ఆమె రవికలు అతనే కుట్టి పంపేవాడు, అతనికి ఒంట్లో బాగాలేకపోతే ఆమె వెళ్ళి వండిపెట్టేది. కానీ ఆ రోజు నుంచీ అతను ఆమెను వదినా అని పిలవలేదు. ఇంకేమనీ కూడా పిలవలేదు.